శ్రీకాకుళ తీరమున సెలవు దినములు

ప్రతి సంవత్సరమును కార్తిక మాసము ప్రవేశించునప్పటికి మన పట్టణములందలి ఉద్యోగస్థులలోను, వకీళ్లలోను, ఉపాధ్యాయులలోను సంక్రాంతి సెలవులనుగూర్చిన ప్రసంగము మొదలగును. సముద్రమును చూడగోరు వారు గోవాకు పోవుదురు. అంత వ్యయము భరింపలేనివారు విశాఖపట్టణమునకు పోయి, ఋషికొండ ఇసుకమీద వేలకొలది జనములో తామును నిలిచి, మొక్కజొన్న పొత్తు తిని, ఫొటోలు తీసికొని తిరిగివత్తురు. కాలికి పని లేదు. కంటికి క్రొత్తది లేదు. మరునాడు కచ్చేరికి వచ్చి, అలసితిమని చెప్పుదురు. ఈ అలసట నడచినవాని అలసట కాదు, కారులో కూర్చున్నవాని అలసట.

ఇట్టివారికి మేమొక సూచన చేయదలచినాము. ఆంధ్రదేశపు తీరము 974 కిలోమీటర్లని చిరకాలముగా లెక్క. 2024లో ప్రకటింపబడిన క్రొత్త కొలత ననుసరించి 1,053 కిలోమీటర్లు. ఇందు శ్రీకాకుళము జిల్లాకు సుమారు 193 కిలోమీటర్లు కలదు. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుద యను నదులు ఈ జిల్లాగుండ పారి కడలిని చేరుచున్నవి. ఒక ప్రక్క బంగాళాఖాతము. రెండవ ప్రక్క, శీతకాలపు ఉదయమున మంచు విడిన తరువాత, సుమారు 1,500 మీటర్ల యెత్తున మహేంద్రగిరి. ఈ రెంటికి నడుమ కొబ్బరి తోటలు, జీడిమామిడి తోపులు, ఉప్పుమళ్లు, బెస్తపల్లెలు. కలకత్తా మదరాసు రైలుమార్గమును, 16వ నంబరు జాతీయ రహదారియు ఈ తీరమునకు సమీపముగనే పోవుచున్నవి. ప్రతిదినమును వేలమంది ఈ జిల్లాగుండ రైలులో నిదురించుచు పోవుచున్నారు. దిగువారెవ్వరు?

ఈ తీరమును కాలినడకను గాని, సైకిలుమీద గాని ఆరేడు దినములలో చూడవచ్చును. చూడవలెనని మేము కోరుటకు వ్యాయామ మొక్కటే కారణము కాదు. ఆ మాట ముందునకు వచ్చును.

మొదట కాలనిర్ణయము. మన కోర్టులకు, బడులకు పెద్ద సెలవులు మే మాసములో వచ్చును. ఎండకు తాళలేని దొరలు కొండలకు పోవుటకై చేసికొన్న ఏర్పాటు వారితో పోక మనకు మిగిలినది. నీడలేని ఇసుకమీద మే మాసమున నడచుట వ్యాయామము కాదు, వడదెబ్బ. దసరా సెలవులు అంతకన్న అపాయకరము. ఫైలిన్ 2013 అక్టోబరులో, హుద్‌హుద్ 2014 అక్టోబరులో, తిత్లీ 2018 అక్టోబరులో ఈ ప్రాంతములనే కొట్టినవి. అక్టోబరు, నవంబరు మాసములు ఈ తీరమున తుపానుల కాలమని పల్లెలలోని పిల్లవానికిని తెలియును. కావున డిసెంబరు నడిమినుండి ఫిబ్రవరి కడవరకే తగిన కాలము. ఆ దినములలో గాలి చల్లగా నుండును, ఆకాశము నిర్మలముగ నుండును, పక్షులును తాబేళ్లును వచ్చును.

తిథిని చూచుకొనుట రెండవ పని. ఇది ముహూర్తముకొరకు కాదు. అమావాస్యకు, పౌర్ణమికి ఆటుపోట్లు ఎక్కువగ నుండి, నీరు సుమారు ఒకటిన్నర మీటరు ఎక్కి దిగును. పాటు వేళ తడిసి గట్టిపడిన ఇసుక బయటపడును. దానిమీద గంటకు నాలుగైదు కిలోమీటర్లు హాయిగా నడువవచ్చును, సైకిలును తొక్కవచ్చును. పోటు వేళ పొడి ఇసుకలోనికి నెట్టబడినవానికి గంటకు రెండు కిలోమీటర్లు సాగుట కష్టము. పంచాంగము చూడనొల్లని నవనాగరికులు సెల్‌ఫోనులో ఆటుపోట్ల పట్టికను చూచుకొందురు గాక. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థవారు పెద్ద అలలను గూర్చి ముందుగనే హెచ్చరికలు ప్రకటించుచున్నారు. వానిని ప్రతి సాయంకాలమును చూచుకొనవలెను. చూచికూడ, ఉదయమున ఒడ్డుననున్న ముసలి మత్స్యకారుని మరల అడుగవలెను.

సైకిలును రైలులో పార్సెలుగా ముందే పంపుకొనవచ్చును. ఉప్పునీరు తగిలిన గొలుసు రెండు దినములలో త్రుప్పుపట్టును గనుక, రాత్రి మంచినీట కడిగి నూనె రాయవలెను. బస విషయమున మా సలహా: పగలు ఒడ్డున, రాత్రి పట్టణమున. శ్రీకాకుళము, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురములలో లాడ్జీలు కలవు. మధ్యాహ్న భోజనము మాత్రము పల్లెలోనే కావలెను; ఏలయన, యాత్రికుని డబ్బు అచ్చటనే ఖర్చుకావలెను. ముందుగా ఆ ఊరి ఉపాధ్యాయునితోనో, పంచాయతీవారితోనో మాటలాడుకొన్నచో పల్లెలోనే ఒకటి రెండు రాత్రులు గడపుటకును వీలగును. తెల్లవారుజామున అయిదింట బయలుదేరి పదింటికి నీడ చేరవలెను. మజ్జిగ, కొబ్బరిబొండము, మూటలో అటుకులు, బెల్లము. ఇంతకు మించిన సంభారము బరువే.

శ్రీకూర్మమునుండి ప్రారంభించుట మంచిది. ఆమదాలవలస యందలి శ్రీకాకుళము రోడ్డు స్టేషనులో దిగి, పట్టణముమీదుగా అచ్చటికి చేరవచ్చును. విష్ణువును కూర్మరూపమున పూజించు ప్రసిద్ధ క్షేత్రమది. స్వామి పశ్చిమాభిముఖుడు, రెండు ధ్వజస్తంభములు. ఆలయములో తాబేళ్లను సాకుచున్నారు, భక్తులు వానికి ఆకుకూరలు పెట్టుచున్నారు. అచ్చటికి కొలది కిలోమీటర్ల దూరముననే, జనవరి మాసమునుండి, ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఒడ్డునకు వచ్చి, ఇసుకలో గొయ్యి త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గ్రుడ్లు పెట్టిపోవును. నలుబదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు బయటపడి, సముద్రముమీది వెలుగును పట్టి నీటికి పోవును. ఒడ్డున విద్యుద్దీపములున్నచో దారితప్పి ఊరివైపు ప్రాకి, ఎండకో కుక్కలకో బలియగును. అంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు. ట్రాలరు వలలలో చిక్కి ఊపిరాడక చచ్చిన పెద్ద తాబేళ్లు ప్రతి శీతకాలమును ఈ ఒడ్డులకు కొట్టుకొనివచ్చుచున్నవి. గుడిలోని కూర్మమునకు సాష్టాంగపడి, ఒడ్డునపడియున్న కూర్మమును దాటిపోవు భక్తికి ఏమి పేరు పెట్టవలెనో మాకు తోచదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేళ్లకు అన్నిటికన్న పై తరగతి రక్షణ నిచ్చినది. గ్రుడ్లు తీసినను నేరమే. వలలో చిక్కిన తాబేలు తప్పించుకొను పరికరమును ట్రాలరులకు అమర్పవలెనను నియమమును కలదు. నియమము ఒడ్డున వ్రాయబడినది, వల నడిసముద్రమున పడుచున్నది. యాత్రికుడు రాత్రి ఒడ్డున దీపము వేయక, తాబేలునకు ఎదురుగా నిలువక, దూరమునుండి చూచి పోవలెను.

శ్రీకూర్మమునుండి కళింగపట్టణమునకు ఒడ్డువెంట ఒక దినపు నడక. అచ్చట వంశధార కడలిలో కలియును. ఈ చిన్న ఊరు ఒకనాడు పెద్ద రేవు. ఇప్పుడు దీపస్తంభమును, శిథిలములును, ఇసుకయు మిగిలినవి. ఈ ఊరినుండియు, ఉత్తరముననున్న బారువనుండియు స్టీమరులు రంగూనునకు పోయెడివి. ఈ జిల్లాలో కూటికి చాలనివాడు రంగూను మిల్లులో బియ్యపు బస్తా మోయుటకు పోయెడివాడు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినప్పుడు మనవారు వేలకొలదిగా అడవులుపట్టి కాలినడకను తిరిగివచ్చిరి. దారిలో పడిపోయినవారి లెక్క వ్రాసినవారు లేరు. అంతకు వేయేండ్లకు ముందును ఈ తీరపు ఓడలు తూర్పు దీవులకు పోయినవి. మలయాదేశమున భారతీయులకు కెలింగులని పేరువచ్చుట కళింగశబ్దమునుండియే. కళింగపట్టణమునకు ఎగువన, వంశధార దక్షిణపుటొడ్డున, శాలిహుండము కొండమీద బౌద్ధ స్తూపములును, చైత్యగృహములును కలవు. వానిని 1919లో లోకమునకు తెలియజేసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుడు మా ఈ గ్రాంథికమును చూచిన ఏమనెడివారో, ఆ చర్చ ఇచ్చట వలదు. కొండయెక్కి నిలుచున్నచో నది, ఊరు, కడలి ఒకే చూపులో కనబడును. ఆ భిక్షువులు స్థలము నెన్నుకొనుటలో మన టూరిజము శాఖవారికన్న గట్టివారు.

వంశధార మొగను ఎవ్వరును కాలినడకను దాటరాదు. మోకాలిలోతని దిగినచోట మనిషి మునుగును; పాటు వేళ నది నీరు సముద్రములోనికి లాగికొనిపోవును. పడవవానికి కూలి యిచ్చి దాటవలెను, లేదా ఎగువ వంతెనమీదుగా చుట్టి పోవలెను. ఈ మాట నాలుగు నదులకును వర్తించును. సముద్రస్నానమునుగూర్చియు ఇంతే. తూర్పుతీరమున అల విరుగుచోటనే లోతు హఠాత్తుగా పెరుగును. అలల నడుమ ప్రశాంతముగ కనుపించు పాయయే లోనికి తోడుకొనిపోవు ప్రవాహము. అందు చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీదక, ఒడ్డుకు సమాంతరముగ ప్రక్కకు ఈదవలెను. ప్రతియేట కాలేజీ విద్యార్థులు ఈ ఒక్క సంగతి తెలియక ప్రాణములు కోల్పోవుచున్నారు. ఈత వచ్చినవారే వారిలో పలువురు.

కళింగపట్టణము దాటి ఉత్తరముగ పోవువాడు భావనపాడు చేరును. ఆ ప్రాంతముననే మూలపేటవద్ద క్రొత్త ఓడరేవునకు 2023 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. పనులు జరుగుచోట్ల ఒడ్డుమీద నడువనీయరు గనుక రోడ్డుపట్టి పోవలెను. ఇది సైకిలు దినము కావచ్చును. నౌపడా ఉప్పుమళ్లను, అచ్చటినుండి టెక్కలి దాపున తేలినీలాపురమును చూడవచ్చును. నౌపడాలో రైలు చూచు వేడుక గలవారికి ఒక మాట: పర్లాకిమిడి రాజావారు 1900లో నడిపించిన చిన్నరైలు ఇచ్చటినుండియే బయలుదేరెడిది, ఇప్పుడది పెద్దలైనుగ మారి గుణుపురమువరకు పోవుచున్నది. తేలినీలాపురమునకు గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును సెప్టెంబరు ప్రాంతమున వచ్చి, ఊరి చెట్లమీదనే గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని మార్చి ప్రాంతమున పోవుచున్నవి. పక్షులు రాని యేడు ఊరికి అరిష్టమని గ్రామస్థుల నమ్మకము. ఏ చట్టమును పుట్టకముందే వాటిని ఎవ్వరును కొట్టకుండ కాపాడినది ఈ నమ్మకమే.

ఇక ఉద్దానము. నువ్వలరేవు, అక్కుపల్లి, బారువ, కవిటి. ఈ భాగమే తీరమంతటిలో అందమైనది. కొబ్బరితోటలు నీటియంచువరకు వచ్చును. నువ్వలరేవులో ఊరి పెండ్లిండ్లన్నియు ఒకే ముహూర్తమున జరుగు ఆచారము కలదు. బారువవద్ద మహేంద్రతనయ కడలిని చేరును. అందమునుచూచి వచ్చినవాడు రెండు సంగతులు తెలిసికొనక పోరాదు. 2018లో తిత్లీ ఒక్క రాత్రిలో కొబ్బరిని, జీడిమామిడిని కూల్చివేసినది. కొబ్బరిచెట్టు మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఈ నడుమ కుటుంబము ఏమి తినవలెను? రెండవది మూత్రపిండముల వ్యాధి. మద్యము, మధుమేహము ఎరుగని కష్టజీవులు సయితము ఈ మండలములలో నడివయస్సుననే ఈ వ్యాధికి లోనగుచున్నారు. ఎన్ని పరిశోధనలు జరిగినను కారణము ఇదియని శాస్త్రజ్ఞులు తేల్చలేదు. వంశధార నీటిని హిరమండలమునుండి గొట్టములద్వారా తెచ్చు పథకము నిర్మింపబడినది; పలాసలో 2023 డిసెంబరున 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనాలయమును ప్రారంభింపబడినవి. యాత్రికుడు తన నీటిసీసాను సంచిలో పెట్టుకొని వచ్చును, పెట్టుకొనవలెను కూడ. అయితే ఆ సీసామూత తీయునప్పుడు ఎదుట కూర్చున్నవాడు ఏ నీరు త్రాగుచున్నాడని అడుగవలెను.

మేము ముందునకు వచ్చునన్న మాట ఇచ్చటికి వచ్చినది. సోంపేట దాపున బీలయను పల్లపు నేల కలదు. వానకాలమున నీరు నిలిచి, చేపయు, గడ్డియు, తుంగయు పెరిగి, చుట్టుపట్ల పల్లెలకు తిండియు పశువులకు మేతయు నిచ్చునట్టిది. కాగితములలో అది బంజరు. ఆ కాగితమునుబట్టి అచ్చట బొగ్గుతో విద్యుచ్ఛక్తి పుట్టించు కర్మాగారమునకు అనుమతి లభించినది. 2010 జూలై 14వ తేదీన జరిగిన పోలీసు కాల్పులలో రైతులు, మత్స్యకారులు ప్రాణములు కోల్పోయిరి. ఆ మాసముననే పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దుచేసెను. ఆ నేల తడినేలయనుట పల్లెవాసులు తొలినుండియు చెప్పుచున్న మాటయే. మేము వకీలు వృత్తిలోనివారము. ఒక ఫైలులోని ఒక మాట ఎంతదూరము పోగలదో ఎరిగినవారము. బంజరన్న ఆ ఒక్క మాటను ఖండించుటకు శ్రీకాకుళములోనో, విశాఖలోనో, హైదరాబాదులోనో ఆ నేలను కాలితో త్రొక్కిన చదువరులు నూరుమంది ఉన్నచో ఆ ఫైలు అంతదూరము నడచియుండెడిదా? విజ్ఞాపనలు వ్రాయగలవారు తీరమును చూడలేదు, చూచినవారికి ఫైలు భాష రాలేదు. ఈ రెంటి నడుమ ప్రాణములు పోయినవి. సెలవు దినములలో ఒక వకీలు, ఒక ఉపాధ్యాయుడు, ఒక గుమాస్తా ఆ గట్టుమీద సైకిలు త్రొక్కిపోవుటలో మాకు కనబడు ప్రయోజనమిది. రేపు కొవ్వాడలో అణుకేంద్రమన్నను, మరియొకచోట రేవన్నను, వలదనుటకో వలయుననుటకో మాటలాడువాడు ఆ ఇసుకను చూచి మాటలాడును. అభివృద్ధి కూడదని మేమనుటలేదు. వేరావలు రేవులో కూలికి పోయిన ఈ జిల్లా మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తానమువారికి చిక్కి, 2020 జనవరివరకు అచ్చటి చెరలో మగ్గిరి. సొంత ఒడ్డున బ్రతుకుతెరువున్నచో వారు గుజరాతు ఏల పోవుదురు?

అట్లయిన రిసార్టులు కట్టి ఉద్యోగములిచ్చెదమని వచ్చువారు ఉందురు. ఒడ్డున ప్రహరీ కట్టి, దీపములు వెలిగించి, పల్లెవానికి ద్వారపాలకుని కొలువిచ్చుట అతిథిమర్యాద కాదు. తన రేవునకు తానే కాపలావాడు కావలసివచ్చును. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991లో వెలువడినవి, 2011లోను 2019లోను మారినవి. ఇసుకదిబ్బలను చదును చేయరాదని అందు కలదు. గ్రామీణ తీరమున జనసాంద్రత యెక్కువగ నున్నచోట పోటుగీతనుండి 200 మీటర్లుండిన నిర్మాణ నిషేధమును 2019 నిబంధనలు 50 మీటర్లకు తగ్గించినవి. ఈ తగ్గింపు ఎవ్వరి సుఖమునకో చదువరులే ఆలోచింతురు గాక. వలలు ఆరవేయుటకు, చేపలు ఎండబెట్టుటకు, పడవలు లాగుటకు మత్స్యకారునికి ఆ 200 మీటర్లును పనిచేయు చోటు. ఖాళీస్థలమని మనకు తోచునది అతని కార్ఖానా.

ఆ కార్ఖానాలో పోవునప్పటి మర్యాద కొంత కలదు. ఆరవేసిన చేపలను, వలలను త్రొక్కరాదు. చెప్పులతో పడవనెక్కరాదు. స్త్రీలను అడుగక ఫొటోలు తీయరాదు. ప్రాతఃకాలమున పల్లె దగ్గరి ఒడ్డు ఎట్లుండునో తెలిసినవారు కొంత దూరముగ నడుతురు. దానికి ముక్కు మూసికొని హేళన చేయుటకన్న, ఆ పల్లెలో మరుగుదొడ్లకు నీరున్నదా యని విచారించుట మేలు. అన్నము పెట్టినవారు డబ్బు వద్దందురు. వారి మాట వినరాదు. చేపలకూర, అన్నముకు హోటలులో ఎంత ఇత్తురో అంతయు ఇచ్చి రావలెను. వేట నిషేధకాలమగు ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు పడవలు ఒడ్డుననే యుండును. శీతకాలమున వచ్చిన ఈ పైకము అప్పటికి అక్కరకు వచ్చును.

ప్రభుత్వమువారిని మేము కోరునది స్వల్పము. నాలుగు నదుల మొగలవద్ద ప్రాణరక్షక కవచములతో కూడిన పడవలును, వానిని నడపుటకు ఆ పల్లెల మత్స్యకారులకే లైసెన్సులును ఇయ్యవలెను. ఈతకు అపాయకరమైన చోట్ల తెలుగున, ఒడియాలో బోర్డులు కట్టవలెను. తాబేళ్లు వచ్చు మాసములలో ఒడ్డు దీపములను ఆర్పవలెను. పదేసి కిలోమీటర్లకొక మంచినీటి కుళాయి ఉంచవలెను, అది మొదట పల్లెకు, తరువాతనే యాత్రికునకు. ఇందుకు కోట్ల రూపాయల ప్రణాళిక అక్కరలేదు, శిలాఫలకము అసలే అక్కరలేదు.

పోదలచినవారు తొందరపడవలెను. రైల్వేవారు 2024 నవంబరునుండి ముందస్తు రిజర్వేషను గడువును 60 దినములకు కుదించిరి. పండుగకు పోవువారు నవంబరు నడుమనే టిక్కెట్లు కొనవలెను. పోవునది శ్రీకాకుళము రోడ్డునకు, తిరిగివచ్చునది ఇచ్ఛాపురమునుండి.